పరదేశపు బడిలో ఆ నలుగురు

క్రీ.పూ. 605 ప్రాంతంలో యెరూషలేము నుండి బబులోనుకు చెరగా వెళ్లిన దానియేలు, హనన్యా, మిషాయేలు, అజర్యాలు పరదేశంలో చదువుకున్న కుర్రాళ్లు. మూడేళ్ల శిక్షణ, కల్దీయుల భాష! ‘ఏలు’, ‘యా’ అంటూ దేవుణ్ణి పలికే వారి పేర్లు కూడా తీసేసి బెల్తెషాజరు, షద్రకు, మేషాకు, అబేద్నెగో అన్నారు. నేడు అమెరికా బడిలో హాజరు పిలిచేటప్పుడు పేరు సగానికి తెగిపోయే మన తెలుగు పిల్లలకు ఆ బాధ బాగా తెలుసు.

ఐతే ఆ నలుగురూ చదువు వద్దనలేదు, పైగా అందులో అందరినీ మించారు. రాజు భోజనం మాత్రం ముట్టబోమన్నారు. అదీ గొడవపడి కాదు. పది రోజులు శాకధాన్యాదులు, నీళ్లు ఇచ్చి చూడమని అధికారిని వినయంగా అడిగారు. పిల్లలు మారిపోతున్నారని కంగారుపడే పెద్దలు ఇది చూడరెందుకో!

రాజు కల చెప్పలేకపోతే జ్ఞానులందరికీ మరణమేనని ఆజ్ఞ వెలువడినప్పుడు దానియేలు ఇంటికెళ్లి ప్రార్థన కోరింది షద్రకు, మేషాకు, అబేద్నెగోలను కాదు. హనన్యా, మిషాయేలు, అజర్యాలను అని రాసి ఉంది (దానియేలు 2:17,18). ఇంట్లో ఇంకా ఆ పేర్లే!