కాపీ పేస్ట్ చేస్తే సీడీ దక్కినట్టు కాదు

పూర్ణా మార్కెట్ వెనక వీధుల్లో ఏ పాత ఇంటి బీరువా తెరిచినా పట్టుచీరల కింద ఒక సీడీల కవరు కనబడుతుంది. పెళ్లి వీసీడీలు మూడో నాలుగో, బారసాల ఒకటి, ఘంటసాల భగవద్గీత, కొట్టు లెక్కల ట్యాలీ బ్యాకప్. 2000 తర్వాత కొన్నేళ్లపాటు మన ఇళ్లలో జరిగిన శుభకార్యాలు చాలావరకు ఈ బిళ్లల మీదే ఉన్నాయి. వాటిని చదివే డ్రైవు కొత్త ల్యాప్‌టాపుల్లో రావడం దాదాపు ఆగిపోయింది. విశాఖ ఉక్కపోతకి, ఉప్పుగాలికి బిళ్లలూ చెడుతున్నాయి. డిస్క్ ఇమేజ్ తీసి దాచుకోవడానికి ఇంకా సమయం ఉంది. అయితే ఈ పని గురించి బజార్లో చెలామణీ అవుతున్న మాటల్లో సగం తప్పు. ఆ తప్పుల వల్ల జనం దాచుకున్నామనుకుని పోగొట్టుకుంటున్నారు.

అపోహ: ఫైళ్లు కాపీ చేసి పెట్టుకుంటే చాలు.

"కాపీ చేసీసేం బాబూ, ఇంకేటి భయం?" అనే మాట ఇక్కడ తరచూ వినబడుతుంది. పాటల సీడీతోనే పరీక్షించి చూడండి. విండోస్‌లో ఆ సీడీ తెరిస్తే ట్రాక్ 1, ట్రాక్ 2 అని వరసగా ఫైళ్లు కనిపిస్తాయి. ఒక్కొక్కటి ఎంతుందో చూడండి: 44 బైట్లు. ఐదు నిమిషాల పాట 44 బైట్లలో ఎలా పడుతుంది? అందులో పాట లేదు, పాట సీడీ మీద ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తు మాత్రమే ఉంది. వాటిని పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడమంటే ఇల్లు కొన్నామనుకుని విలాసం రాసిన చీటీ జేబులో పెట్టుకోవడమే. సీడీ బయటికి తీయగానే ఒక్కటీ పాడదు.

డిస్క్ ఇమేజ్ తీరు వేరు. పైకి కనిపించే ఫైళ్లతో ఆగకుండా, సెక్టారు తర్వాత సెక్టారు చదువుతూ, ఏది ఎక్కడుందో ఆ అమరికతో సహా డిస్కు మొత్తాన్నీ ఒకచోటికి తెచ్చుకుంటుంది. తర్వాత ఆ ఇమేజ్‌ని మౌంట్ చేస్తే కంప్యూటర్ దాన్ని అసలు డిస్కుగానే చూస్తుంది. ఇమేజ్‌లలో ఒక రకమైన ఐఎస్ఓ ఫైలుని మౌంట్ చేయడానికి విండోస్ 8 నుంచి వేరే ప్రోగ్రాం కూడా అక్కర్లేదు, రెండుసార్లు క్లిక్ చేస్తే చాలు.

అపోహ: ఏ డిస్కయినా ఐఎస్ఓ చేసుకోవచ్చు.

మన ఇళ్లలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవమని కోరుతున్నాను. సీడీ మీద ప్రతి సెక్టారులో 2352 బైట్లు ఉంటాయి. మామూలు డేటా సీడీలో వాటిలో 2048 మాత్రమే మన సమాచారం. మిగతావి సెక్టారు చిరునామాకీ, చదవడంలో వచ్చే తప్పుల్ని దిద్దుకునే కోడ్‌కీ పోతాయి. ఐఎస్ఓ ఫైలు ఆ 2048 బైట్లనే దాస్తుంది. ట్యాలీ బ్యాకప్ సీడీకీ, డీవీడీకీ అది సరిపోతుంది.

పెళ్లి వీసీడీ అలాంటిది కాదు. ఒక్క సీడీలో 74 నిమిషాల వీడియో పట్టించడానికి తప్పులు దిద్దే కోడ్‌లో ఒక పొర తీసేసి, సెక్టారుకి 2324 బైట్ల వీడియో నింపారు. దాన్ని ఐఎస్ఓలోకి తోస్తే ప్రోగ్రామన్నా మొరాయిస్తుంది, లేదా ప్రతి సెక్టారు చివరా కొంత వీడియో తెగిపోయిన ఫైలన్నా మిగులుతుంది. తలంబ్రాల దగ్గర బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతే వీడియో తీసినవాణ్ణి తిట్టుకుంటాం. ఆ దిద్దుబాటు పొర లేకపోవడం వల్ల చిన్న గీత కూడా వీసీడీలో బొమ్మ మీద తేలుతుందని గుర్తు పెట్టుకోవాలి.

వీసీడీకీ పాటల సీడీకీ తగినది బిన్, క్యూ జంట. బిన్‌లో పూర్తి 2352 బైట్లూ ఉంటాయి, ఏ ట్రాక్ ఎక్కడుందో క్యూ చెబుతుంది. రెండూ ఒకే ఫోల్డర్‌లో కలిసి ఉండాలి. చిన్నగా ఉంది కదా అని క్యూ ఫైలు చెరిపేస్తే తర్వాత తిప్పలు పడతారు. ఈ జంటని విండోస్ నేరుగా తెరవదు. విన్‌సీడీఎము అనే ఉచిత ప్రోగ్రాం తెరుస్తుంది.

ఇమేజ్ అంటే జిప్ లాగా నొక్కేసిన ఫైలనే నమ్మకం కూడా ఉంది. డిస్కులో ఎంతుంటే ఇమేజ్ అంతే ఉంటుంది. 4.7 జీబీ డీవీడీని కంప్యూటర్ 4.38 అని చూపిస్తే అమ్మినవాడు మోసం చేశాడనుకోవద్దు, వంద కోట్ల బైట్లని ఒక జీబీగా లెక్కేసేది డీవీడీ కంపెనీ, 1024 లెక్కన చూపేది విండోస్. అంత పెద్ద ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లకపోతే, లోపం పెన్‌డ్రైవ్‌ది కాకపోవచ్చు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసినదాంట్లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. అందులో ఉన్నవి వేరేచోట దాచి, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే పడుతుంది.

అపోహ: గీతలు పడితే, తడిస్తే డిస్కు పోయినట్టే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీలు పగిలి వాన గదుల్లోకి కొట్టింది. తడిసిన డిస్కుల్ని చెత్తలో వేసినవాళ్లున్నారు. నిజానికి డిస్కు ప్లాస్టిక్‌ది. మంచినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచి ఆరబెడితే చాలావరకు చదువుతుంది. గుండ్రంగా తుడవకూడదు. కింది వైపు గీతలకి మనం భయపడతాం గానీ సీడీకి అసలు గండం పై వైపు. సమాచారం ఉన్న పొర పేరు రాసే వైపునే, పలచటి లక్క పూత కింద ఉంటుంది. బాల్‌పెన్ గట్టిగా నొక్కి పేరు రాస్తే దెబ్బ నేరుగా దానికే తగులుతుంది. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి కాస్త నయం.

కాపీ మధ్యలో 'సైక్లిక్ రిడండెన్సీ చెక్' అనే మాటతో ఆగిపోయినా ఆశ వదలక్కర్లేదు. లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే సాధనం ఉంది. మామూలు డేటా సీడీ, డీవీడీ అయితే మొండికేసిన సెక్టార్లని పక్కన పెట్టి ముందు మంచివన్నీ తెచ్చేస్తుంది, తర్వాత వెనక్కొచ్చి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఏవి వచ్చాయో ఏవి రాలేదో ఒక చిట్టాలో రాసుకుంటుంది. అదే డిస్కుని, అదే చిట్టాతో, ఇంకో డ్రైవులో పెడితే మిగిలిపోయినవి మాత్రమే చదువుతుంది. ఒక డ్రైవు చదవలేనిది మరో డ్రైవు చదవడం మామూలే.

దీనికంతటికీ డబ్బుపెట్టి సాఫ్ట్‌వేర్ కొనాలనీ, లేదంటే క్రాక్ చేసిన నీరో అనే సీడీ ప్రోగ్రాం వేయించుకోవాలనీ చెబుతారు. అవసరం లేదు. విండోస్‌కి ఐఎస్ఓని తెరవడం, డిస్కు మీద రాయడం వచ్చు గానీ డిస్కు నుంచి ఇమేజ్ తీయడం రాదు. ఆ పనికి ఇమ్జ్‌బర్న్ ఉచితంగా దొరుకుతుంది, వీసీడీ పెడితే తనే బిన్, క్యూ ఎంచుకుంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రతి తెరా చదివి, అడగని అదనపు ప్రోగ్రాములకి వద్దనండి. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీ, లినక్స్‌లో కే3బీ ఉన్నాయి.

వ్యాపారులకి మరో మాట. ఇమేజ్ ఫైల్లో వైరస్ ఉండదనుకోవడం ప్రమాదం. బిల్లు పేరుతో మెయిల్లో ఐఎస్ఓ పంపి, లోపల వైరస్ పెట్టే మోసం బాగా నడిచింది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైలని విండోస్ ఇచ్చే హెచ్చరిక ఇమేజ్ లోపలి ఫైళ్లకి పడేది కాదు. 2022 నవంబరులో మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసింది. పాత విండోస్ వాడే కొట్లలో ఆ కంత ఇంకా ఉంటుంది. ఏ సరఫరాదారూ బిల్లుని ఐఎస్ఓగా పంపడు.

చట్టం సంగతీ చెప్పాలి. కొన్న సాఫ్ట్‌వేర్‌కి నష్టభయంతో బ్యాకప్ తీసుకోవడాన్ని 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 అనుమతిస్తుంది. ఇమేజ్‌లు తీసి అమ్ముకోవడాన్ని కాదు.

ఇమేజ్ తీశాక మౌంట్ చేసి మొదలూ, మధ్యా, చివరా నడిపి చూడండి. విండోస్‌లోని సర్ట్‌యుటిల్ కమాండ్‌తో దాని షా256 హ్యాష్, అంటే ఆ ఫైలుకి వేలిముద్ర లాంటిది, తీసి రాసి పెట్టుకుంటే, రేపు వేరే హార్డ్‌డిస్కులోకి మార్చినప్పుడు ఒక్క బైటు తేడా వచ్చినా తెలిసిపోతుంది. ఒక ప్రతి ఇంట్లో, ఇంకోటి అనకాపల్లిలోనో విజయనగరంలోనో ఉన్న చుట్టాల దగ్గర ఉంచండి. పని మొదలుపెట్టేది మాత్రం కొన్న డిస్కులతో కాదు. కంపెనీ అచ్చు వేసిన పాటల సీడీ మళ్లీ ఎక్కడో దొరుకుతుంది. ఇంట్లోనో స్టూడియోలోనో రైట్ చేసిన సీడీ రంగు పొర మీద నడుస్తుంది, ఎండకీ వేడికీ ముందు పోయేది అదే. మార్కర్‌తో పేరు రాసి ఉన్న బిళ్లల్ని ముందు తీయండి.