కొత్తగా పరుగు ప్రారంభించారా? పిక్కల నొప్పికి వెరవకండి

పరుగు ప్రారంభించినవారిలో చాలామంది దానిని విడిచిపెట్టేది మొదటి రోజున కాదు, మూడవ రోజున. పరుగెత్తి వచ్చిన నాడు శరీరం తేలికగానే ఉంటుంది. మరునాటికి పిక్కలు, తొడలు పట్టేస్తాయి. మూడవనాడు మెట్లు దిగడం కూడా కష్టమై, ఇది మన వల్ల అయ్యే పని కాదన్న నిరుత్సాహం ప్రవేశిస్తుంది. మాది మధుమేహం వంశపారంపర్యంగా ఉన్న కుటుంబం. నలభై అయిదేళ్లు దాటాక వైద్యుల అనుమతితో నేను పరుగు ప్రారంభించాను. ఈ దశను దాటేందుకు నాకు తోడ్పడిన పద్ధతులను ఇక్కడ వివరిస్తాను.

నొప్పి ఎందుకు వస్తుంది?

అలవాటు లేని శ్రమ వల్ల కండరాల తంతువుల్లో అతిసూక్ష్మమైన గాయాలు ఏర్పడతాయి. శరీరం వాటిని బాగుచేసుకొనే క్రమంలో నొప్పి, బిగుతు కలుగుతాయి. ఇవి సాధారణంగా 24 నుండి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి, తరువాత క్రమంగా సర్దుకుంటాయి. లాక్టిక్ ఆమ్లం పేరుకోవడమే దీనికి కారణమన్న అభిప్రాయం సరికాదు. పరుగు ముగిసిన కొద్దిసేపటికే అది తొలగిపోతుంది. ఒకసారి కోలుకున్న కండరం అదే శ్రమకు రెండవసారి అంతగా నొప్పెట్టదు. కనుక మొదటి నొప్పికే మానివేస్తే, ఫలితం అందబోయే వేళ విడిచిపెట్టినట్లే.

సగం బలమే చాలు

బలవంతులు సైతం చలికాలంలోను, వసంతంలోను తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని, ఇతర ఋతువుల్లో ఇంకా తగ్గించాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో బోధించాడు. నోటితో ఊపిరి తీయవలసి రావడమే ఆ సగానికి గుర్తుగా సుశ్రుతుడు పేర్కొన్నాడు. పరుగెత్తుతూ పక్కవారితో రెండు మాటలు చెప్పలేకపోతే, హద్దు దాటినట్లు గ్రహించి నడకకు దిగాలి.

1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ రూపొందించిన తొమ్మిది వారాల ప్రణాళిక కూడా ఇలా మెల్లగా సాగేదే. వారానికి మూడు రోజులే పరుగు. మొదటి వారం అయిదు నిమిషాల చురుకైన నడక తరువాత, 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక చొప్పున ఇరవై నిమిషాలు చేయాలి. నేనూ ఈ క్రమాన్నే అనుసరించాను.

ఇంట్లో చేయదగిన ఉపచారాలు

వ్యాయామానంతరం శరీరమంతటినీ సుఖంగా మర్దించాలని కూడా వాగ్భటుడు చెప్పాడు. నువ్వుల నూనె గిన్నెను వేడినీళ్లలో ఉంచి, గోరువెచ్చన చేసి, పాదాల నుండి తొడల వరకు పైకి తేలికగా రుద్దాలి. గట్టిగా పిసకరాదు. అరగంట తరువాత సున్నిపిండితో రుద్దుకొని వేడినీళ్లతో స్నానం చేయాలి. మర్దన ఈ నొప్పిని కొంత తగ్గిస్తుందని ఆధునిక పరిశోధనలు కూడా చెబుతున్నాయి. నొప్పి ఉన్ననాడు మంచం పట్టక, పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే బిగుతు సడలుతుంది. ఎండాకాలంలో చిటికెడు ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ మేలు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానాలి.

ఉత్సాహం సడలకుండా

ఎంత దూరం పరుగెత్తారన్నది లెక్కించకండి. ఎన్ని రోజులు బయలుదేరారన్నదే లెక్కించండి. మా ఇంటి గోడ క్యాలెండరుపై పరుగెత్తిన ప్రతి దినానికీ నేనొక గుర్తు పెడతాను. బూట్లు రాత్రే గుమ్మం వద్ద ఉంచడం, ఇంట్లో ఒకరినైనా తోడు తీసుకోవడం బద్ధకాన్ని జయించే ఉపాయాలు.

హెచ్చరిక

ఒకేచోట పోటు, కీలు వాపు, వారం దాటినా తగ్గని నొప్పి ఉంటే పరుగు ఆపి వైద్యునికి చూపించుకోవాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, మూత్రం ముదురు గోధుమరంగులో వచ్చినా క్షణం ఆలస్యం చేయరాదు. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యసలహా పొందిన తరువాతనే ప్రారంభించడం శ్రేయస్కరం.