దీవిలో పదిమంది

వాన రాత్రి పలమనేరులో కరెంటు పోయిందా? కొవ్వొత్తి వెలిగించి అగాథా క్రిస్టీ నవల ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ తెరవండి! 1939 నాటిది. డెవాన్ తీరాన ఓ దీవి, అందులో పదిమంది. మొదటి రాత్రే గ్రామఫోన్ రికార్డు పేరుపేరునా చెబుతుంది, ఎవరివల్ల ఎవరి ప్రాణం పోయిందో. చట్టానికి చిక్కని నేరాలవి. తెల్లారితే పడవ రాదు. ఒక్కొక్కరే చనిపోతుంటారు.

హంతకుడెవరో చెప్పేస్తే చదవబోయేవాళ్లు తిట్టుకుంటారు. అసలు కథ హంతకుడిది కాదనిపిస్తుంది కూడా. ఇద్దరు పిల్లల్ని కారుతో తొక్కించినా చీమకుట్టినట్టయినా లేని మార్‌స్టన్ అందరికంటే ముందే పోతాడు. భార్య ప్రియుణ్ని యుద్ధంలో చావుకు పంపిన ముసలి జనరల్ మెకార్థర్ మాత్రం బరువు దిగబోతోందన్నట్టు సముద్రపు ఒడ్డున కూర్చుని ఎదురుచూస్తాడు. వెరాకైతే, చీకటి గదిలో సముద్రపు వాసన తగిలితే చాలు, తను ఈతకు పోనిచ్చిన ఆ పిల్లాడే గుర్తొస్తాడు.