పరదేశమున బర్మా భాషాబోధనము



'రంగము పోయివచ్చినవాడు' అను మాట మన ఉత్తర కోస్తా పల్లెలలోని పెద్దలకు క్రొత్తది కాదు. మన సీమనుండి వేలకొలది జనులు కూలికై ఓడలెక్కి రంగూను చేరిరి. 1942లో జపానువారి దండయాత్రకు వెరచి కొందరును, 1960 తరువాత అచ్చటి ప్రభుత్వ విధానములవలన మరికొందరును మరలివచ్చిరి. వారు బర్మా మాటలను నోట తెచ్చిరి. ఆ మాటలు వారితోనే అంతరించుచున్నవి. అట్టి మాటలను సేకరించి, బోధించుటయే జీవితవృత్తిగా గైకొన్న ఇద్దరు పండితులను గూర్చి నేడు మనవి చేసెదను.

మొదటివాడు బర్మా దేశీయుడగు హ్లా పే. లండను విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రాచ్య విద్యాలయములో ఆయన బర్మా భాషాచార్యుడుగా నుండెను. తన దేశపు సామెతలను ఆంగ్లములో వివరించి 1962లో ప్రకటించెను. రెండవవాడు ఆంగ్లేయుడగు జాన్ ఓకెల్. అదే విద్యాలయములో 1959 మొదలు 1999 వరకు బోధించి, 2020లో కీర్తిశేషుడయ్యెను.

ఈ బోధనలోని కష్టమెట్టిదో చూడుడు. 'ల' అను నొక్క ధ్వనినే నొక్కి తటాలున విడిచిన చంద్రుడు; సమముగా పలికిన వచ్చుట; హెచ్చు స్వరమున పలికిన కంచరగాడిద! పురుషుడు తన్ను 'చనో' అనును, స్త్రీ 'చమ' అనును. కావున గురువు పలుకును మాత్రమే అనుకరించు శిష్యుడు నవ్వులపాలగును. అయినను వాక్యక్రమము మనకు పరిచితమే. 'చనో థమిన్ సాదె' యన 'నేను అన్నము తిందును' అని యర్థము. క్రియ మనకువలెనే తుదనుండును.

మరియొక చిక్కు కలదు. నోటిమాటలో 'దె' అని ముగియు వాక్యము గ్రంథములలో 'ది' అని ముగియును. మనకును 'తింటాను', 'తిందును' అను భేదము కలదు గదా! గ్రంథభాషను మాత్రమే నేర్చినవాడు సంతలో బేరమాడజాలడు. వాడుకను మాత్రమే ఎరిగినవాడు పత్రిక చదువజాలడు. ఓకెల్ వాడుకభాషకు వ్యాకరణము వ్రాసి 1969లో వెలువరించెను. 1994లో వచ్చిన ఆయన పాఠపుస్తకములు నాలుగింటిలో రెండు నోటిమాటకు, ఒకటి లిపికి, ఒకటి గ్రంథశైలికి కేటాయింపబడినవి.

ఈ వృత్తిలో సఫలత యెల్లవేళల లభింపదు. హ్లా పే పాల్గొన్న బర్మా–ఆంగ్ల మహానిఘంటువు దశాబ్దములు సాగియు, 1981లో ఆరవ భాగముతో అసంపూర్ణముగనే నిలిచిపోయెను. అయినను వ్రాసినంతవరకు నిలిచినది, వ్రాయనిది పోయినది.

మీ గ్రామమున బర్మానుండి వచ్చిన వృద్ధులున్నచో, సాయంకాలము వారి చెంత కూర్చుండుడు. వారు పలికిన మాటలను, పాడిన పాటలను చిన్నవారిచేత ఒక పుస్తకమున వ్రాయింపుడు. అందులకు ఆచార్యపదవి అక్కరలేదు, ఓపిక చాలును.