బేస్ గిటార్: నాలుగు తీగలా, ఐదు తీగలా?



ఆ మధ్య ఒక సాయంత్రం మా రాయపురంలో, మా వీధి కుర్రాడొకడు ఇంటికొచ్చాడు. ఆదివారాలు చర్చిలో పాటలకు, మిగతా రోజుల్లో పెళ్ళి కచేరీలకు అరువు గిటారుతో బేస్ వాయిస్తుంటాడు. "మామా, అమ్మ చీటీ పాడింది. సొంతంగా బేస్ గిటార్ కొనుక్కోమంది. నాలుగు తీగలది కొననా, ఐదు తీగలది కొననా?" అని అడిగాడు. చీటీ డబ్బంటే మాటలా? ఒకసారి పాడాక మళ్ళీ రాదు. పొరపాటు కొంటే సగం ధరకు అమ్ముకోవాలి. అందుకే తొందరపడి జవాబు చెప్పలేదు. అతనితో చెప్పిన సంగతులే ఇవాళ మీకూ చెబుతాను.

అమెరికాలో లియో ఫెండర్ 1951లో అమ్మకానికి తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు నాలుగే తీగలు. లావు తీగ నుంచి సన్నతీగ దాకా ఇ, ఏ, డీ, జీ. లావు తీగను వట్టిగా మీటితే సెకనుకు 41 కంపనాలు. 1960లలో మోటౌన్ పాటలకు జేమ్స్ జేమర్సన్ వాయించినదంతా ఈ నాలుగు తీగల మీదే. 1965లో ఫెండర్ కంపెనీయే ఐదు తీగల బేస్ ఒకటి చేసింది గాని, ఆ ఐదో తీగ పైస్థాయిది, కిందిది కాదు. 1980లలో సింథసైజర్లు బేస్ గిటారు అందుకోలేని మంద్రస్వరాలు పలికించడం మొదలుపెట్టాక, గిటారు వాళ్ళకూ కిందికి దిగవలసి వచ్చింది. ఇప్పుడు ఐదు తీగలంటే, ఇ కింద బీ అనే మరో లావు తీగ అన్నమాట. దాని కంపనాలు సెకనుకు 31.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఒక తీగ పెరిగితే వాద్యం నాలుగో వంతు పెరిగిందనుకుంటారు. లెక్క చూడండి. బీ తీగను ఐదో మెట్టు దగ్గర నొక్కితే మళ్ళీ ఇ స్వరమే వస్తుంది. కనుక కొత్తగా కలిసేవి ఐదే స్వరాలు. మన పాటగాళ్ళ భాషలో చెప్పాలంటే ఏడు, ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర శ్రుతుల షడ్జాలు.

ఐదే గదా అని తీసిపారేయడానికి లేదు. మగ గాయకులు చాలామంది పాడేది ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లోనే. నాలుగు తీగల మీద ఆ షడ్జాన్ని అడుగున పట్టుకోలేం, ఒక స్థాయి పైకెక్కి వాయించాలి. పాట ముగింపులో బేస్ కిందికి దిగి కూర్చోవలసిన చోట నిలబడే ఉన్నట్టుంటుంది. అలాగని నాలుగు తీగలతో సొగసు రాదనుకోకండి. ఇళయరాజా గారి పాటలు, 1989 నాటి 'గీతాంజలి' పాటలే తీసుకోండి, బేస్‌ను మాత్రమే పట్టుకుని వినండి. అది పల్లవిని అంటిపెట్టుకోకుండా తన దారిన తాను ఇంకో పాటలా నడుస్తుంది. ఆ సొగసు లోతులో లేదు, నడకలో ఉంది.

ఇక తీగ సంగతి. ఇ నుంచి బీకి దిగాలంటే కంపనాలు నాలుగింట మూడు వంతులు కావాలి. పొడవూ బిగువూ మార్చకుండా అది రావాలంటే తీగ మందం మూడో వంతు పెరగాలి. ఇ తీగ మందం మామూలుగా అంగుళంలో వెయ్యింట 105 వంతులు. ఆ లెక్కన బీ తీగ 140 ఉండాలి. కాని అంగట్లో దొరికేవి ఎక్కువగా 125, 130. అందువల్ల బిగువు తగ్గుతుంది, తీగ వేలికింద వదులుగా ఊగుతుంది, గట్టిగా మీటితే మెట్లకు తగిలి జర్రుమంటుంది. దీనికోసమే కొందరు తయారీదార్లు తీగ పొడవును 34 అంగుళాల నుంచి 35కు పెంచారు. ఒక్క అంగుళంతో బిగువు నూటికి ఆరు వంతులు పెరుగుతుంది. కాని చిన్న చేతులవాళ్ళకు మొదటి మెట్లు అందడం కష్టం. పైగా మెడ వెడల్పు, బరువు కూడా ఎక్కువే. మీటని బీ తీగ పక్క తీగల అదురుకు తానూ మోగుతుంది, దాన్ని బొటనవేలితో అణచి ఉంచడం వేరే నేర్చుకోవాలి.

నా సొంత అనుభవం ఒకటుంది. ఐదు తీగలది కొన్న కొత్తలో ఒక పెళ్ళి కచేరీకి తీసుకెళ్ళాను. అక్కడిచ్చిన స్పీకరు చిన్నది. ఎంతో సంబరంగా బీ తీగ మీటితే స్వరం రాలేదు, స్పీకరు కాగితం మాత్రం పటపటలాడింది. గాయకుడు వెనక్కి తిరిగి చూసిన చూపు ఇంకా గుర్తుంది. 31 కంపనాలు పలకాలంటే పెద్ద స్పీకరు, తగినంత శక్తిగల ఆంప్లిఫయరు కావాలి. ఇప్పుడు మీరు నా మాట వింటున్న రేడియోలో 41 కూడా సరిగా పలకదు. అయినా బేస్ వినబడినట్టే ఉంటుంది. తీగ మూలస్వరంతో పాటు రెండింతలు, మూడింతలు కంపనాలున్న అనుస్వరాలు కూడా పుట్టిస్తుంది. వాటినిబట్టి చెవి అసలు స్వరాన్ని ఊహించుకుంటుంది. ఇంకొకటి, కీబోర్డు వాయించేవాడి ఎడమచెయ్యి కూడా అడుగునే ఉంటే, మీ బీ తీగా అతని స్వరమూ కలిసి ఒకటే గుయ్యిమనే మోత తప్ప ఏమీ తెలియదు.

నాలుగు తీగలతోనే సర్దుకునే దారులూ లేకపోలేదు. ఇ తీగను డీకి దించుకుంటే రెండు, రెండున్నర శ్రుతులు అందుతాయి. మరీ లోతు కావాలంటే ఐదు తీగల సెట్టులోంచి సన్నది తీసేసి బీ, ఇ, ఏ, డీ తీగలు ఎక్కించుకోవచ్చు. మెడ చివర తీగ కూర్చునే గాడిని మాత్రం ఆకురాయితో వెడల్పు చేయించాలి. ఇక మాలాంటి సముద్రపు ఒడ్డువాళ్ళకు ఇంకో ఖర్చుంది. కాశిమేడు వైపునుంచి వచ్చే ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పుపడతాయి. మార్చినప్పుడల్లా ఐదు తీగల సెట్టుకు డబ్బు ఎక్కువ పెట్టాలి. వాయించాక పొడిగుడ్డతో తుడిచిపెట్టుకోవడం ఎవరికైనా మంచిదే.

ఇదంతా చెప్పి, "ఒక నెలపాటు నువ్వు వాయించే ప్రతి పాట శ్రుతీ నోటుబుక్కులో రాసుకో. ఎన్నిసార్లు ఇ కింద స్వరం నిజంగా కావలసి వచ్చిందో గుర్తుపెట్టు" అన్నాను. అతను ఎక్కువగా కచేరీల్లో మగ గొంతుల పక్కన వాయించేవాడైతే, మంచి ఆంప్లిఫయరు దొరికే బృందమైతే, ఐదు తీగలే కొనమనేవాణ్ణి. నెల తిరిగాక పుస్తకం తెచ్చి చూపించాడు. ముప్ఫైకి పైగా పాటల్లో నాలుగింటికే కింది స్వరం కావాల్సి వచ్చింది, అందులో మూడు డీకి దించుకుంటే సరిపోయేవే. చర్చిలోనేమో పాడేది ఎక్కువగా ఆడపిల్లలు, ఐదు శ్రుతి.

నాలుగు తీగలదే కొన్నాడు. మిగిలిన డబ్బు వాళ్ళమ్మకు తిరిగి ఇవ్వబోతే, ఆవిడ పుచ్చుకోలేదట. 15 అంగుళాల స్పీకరున్న పాత ఆంప్లిఫయరు ఒకటి చూసి బయానా ఇచ్చి వచ్చాడు.