హర్‌గిలా - దాని దాయాది

లెప్టోప్టిలోస్ అనే కొంగల ప్రజాతిలో మూడు జాతులు కలవు. మారబూ ఆఫ్రికాది, తక్కిన రెండూ ఆసియావి. వానిలో పెద్దదానిని అస్సామీయులు ‘హర్‌గిలా’ అంటారు. ఎముకలు మింగేదని అర్థం. ‘హడ్డీ’ తెలిసిన మన ఉర్దూ విద్యార్థులకు ఈ పేరును విప్పి చెప్పనక్కరలేదు. సైనికాధికారి వలె బిగువుగా అడుగులు వేస్తుందని ఆంగ్లేయులు దీనిని ‘అడ్జుటెంట్’ అన్నారు.

హర్‌గిలా ఇంచుమించు ఐదడుగుల ఎత్తు ఉంటుంది. బోడితల, దళసరి ముక్కు, మెడ క్రింద వ్రేలాడే సంచి దీని లక్షణాలు. ఆ సంచి తిండి దాచుకొనేందుకని పలువురి భ్రమ, నిజానికది గాలితిత్తి. దాయాదియైన చిన్న అడ్జుటెంట్‌కు ఆ సంచి లేదు, ఎత్తూ తక్కువే. అయితే అసలు భేదం ఆహారంలో ఉన్నది. చిన్నది మడుగులలో, వరిపొలాలలో చేపలను, కప్పలను, పురుగులను ఏరుకొంటుంది. పెద్దది వానితోపాటు కళేబరాలను, ఊరి చెత్తను కూడా వదలదు. పందొమ్మిదవ శతాబ్దంలో కలకత్తా వీధుల పారిశుద్ధ్యంలో దీనికి పెద్ద పాలే ఉండేది. ఆ నగరపాలక సంస్థ పూర్వచిహ్నం మీద రెండు హర్‌గిలాలు నిలిచి ఉండేవి. చిహ్నానికెక్కిన పక్షి నగరం నుండి మాత్రం మాయమైనది!

2008 నాటికి ప్రపంచమంతటా ఇవి సుమారు వెయ్యి మాత్రమే మిగిలినవని అంచనా. అస్సాంలో ఇవి అడవులలో గాక గ్రామస్థుల పెరటి చెట్ల మీద గూళ్లు కడతాయి. పైనుండి రెట్టలు, కుళ్లిన మాంసఖండాలు పడుతుంటే యజమాని చెట్టును నరికించడం సహజమే; అతనిని నిందించి ప్రయోజనం లేదు. పూర్ణిమాదేవి బర్మన్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి గ్రహించి, 2007 నుండి కామరూప్ జిల్లా గ్రామాలలో స్త్రీలను కూడగట్టారు. వారు హర్‌గిలా బొమ్మలను చీరలపై నేశారు. గర్భవతులకు జరిపే వేడుకను గూళ్లు కట్టే పక్షికీ జరిపారు. ఆ ప్రాంతంలో 28 గూళ్లు 250కి పైగా పెరిగినవి. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆమెను పురస్కారంతో గౌరవించింది.

అంతర్జాతీయ ‘ఎర్ర జాబితా’ 2023లో హర్‌గిలాను ‘ఆపన్న’ వర్గం నుండి ‘ముప్పుకు చేరువ’ వర్గానికి మార్చినది. చిన్నది కూడా నేడు ఆ వర్గంలోనే ఉన్నది. కాని ఈ సమానత్వం పైపైదే. చిన్న అడ్జుటెంట్ నేపాల్ తరాయి నుండి జావా వరకు విస్తరించి, పొలాల నడుమ కూడా చక్కగా పిల్లలను పెంచుతున్నది. హర్‌గిలా గూళ్లు ముఖ్యంగా అస్సాం, బీహారులోని భాగల్పూరు ప్రాంతం, కంబోడియాలలోనే ఉన్నవి. అస్సాంలో వాని భవిష్యత్తు కొందరు పెరటి యజమానుల చేతిలోని గొడ్డలిపై ఆధారపడి ఉన్నది.