చిన్న సినిమాకు ఫెస్టివల్ ఎందుకు?

స్టార్లు, పెద్ద బ్యానర్, ముందే కుదిరిన వ్యాపారం లేకుండా తీసేది ఇండిపెండెంట్ సినిమా (స్వతంత్ర చిత్రం). తీయడం ఒక ఎత్తు, జనం దాకా చేర్చడం మరో ఎత్తు. థియేటర్లు దొరకాలంటే డిస్ట్రిబ్యూటర్‌కు గురి కుదరాలి. ఓటీటీ సంస్థలూ ఇప్పుడు ఆచితూచి కొంటున్నాయి. తెలిసిన ముఖమే లేని సినిమాను ఏం చూసి నమ్మాలి? ఫిల్మ్ ఫెస్టివల్ అక్కరకొచ్చేది అక్కడే.

‘కేరాఫ్ కంచరపాలెం’నే తీసుకోండి. విశాఖలోని కంచరపాలెంలో, చాలావరకు అక్కడి మనుషులతోనే వెంకటేష్ మహా దాన్ని తీశారు. అమెరికాలో వైద్యురాలైన పరుచూరి విజయ ప్రవీణ నిర్మాత. సలీమా పాత్ర కూడా ఆమే వేశారు. 2018లో ఆ సినిమా న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు ఎంపికైంది. అదే ఏడాది సెప్టెంబరు 7న నటుడు రానా సమర్పణలో థియేటర్లకు వచ్చింది.

ఫెస్టివల్‌కు వెళ్లే దారి ఇలా ఉంటుంది. ముందు దరఖాస్తు చేయాలి. చాలాచోట్ల రుసుము కట్టాలి. దాంతోపాటు స్క్రీనర్ (ఎంపిక చేసేవాళ్లు చూడటానికి ఇచ్చే కాపీ) పంపాలి. చూసేవాళ్లకు తెలుగు రాకపోవచ్చు, కాబట్టి సబ్‌టైటిల్స్ శ్రద్ధగా రాయించాలి. పెద్ద ఫెస్టివల్స్ చాలావరకు ప్రీమియర్ (తొలి ప్రదర్శన) తమ దగ్గరే జరగాలంటాయి. తొందరపడి ముందే యూట్యూబ్‌లో పెడితే ఆ అవకాశం పోతుంది.

ఎంపికయ్యాకే అసలు పని మొదలవుతుంది. పోస్టరు, స్టిల్స్, రెండు ముక్కల్లో కథ విలేకరులకు అందాలి. షో అయ్యాక లైట్లు వెలుగుతాయి, మైకు ప్రేక్షకుల్లోకి వెళ్తుంది. పాత్ర కోసం ఎలా సిద్ధమయ్యారని ఒకరు అడుగుతారు. డబ్బు ఎలా సర్దుకున్నారని ఇంకొకరు అడుగుతారు. నటించిన మనిషే నిర్మాత కూడా అయితే రెండింటికీ స్వయంగా బదులివ్వగలరు. ఆ మాటలు సమీక్షల్లోకి వెళ్తాయి. ఆ సమీక్షలు కొనేవాళ్ల చేతికి చేరతాయి.

అయితే ఫెస్టివల్ ముద్ర టిక్కెట్లు అమ్మిపెట్టదు. కొనేవాళ్లు సినిమా చూసేలా చేస్తుంది, అంతే. అందుకే సబ్‌టైటిల్స్, ప్రయాణాలు, ప్రచారం ఖర్చును షూటింగ్‌కు ముందే బడ్జెట్‌లో రాసుకోవాలి. ప్రేక్షకులుగా మన వంతూ ఉంది. చిన్న సినిమాకు షోలు ఉండాలో తీసేయాలో మొదటి మూడు రోజుల వసూళ్లే చాలావరకు తేలుస్తాయి. చూడాలనుకుంటే ఆ మూడు రోజుల్లోనే చూడండి.